బుర్ర, అష్టభోగాలతో సహా

మా మేనల్లుడికి హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. నియామక పత్రం ఇరవై రెండు పేజీలు. జీతం సంగతి అరపేజీలో తేలిపోయింది. మిగిలినదంతా వాడి బుర్ర సంగతే. ఉద్యోగంలో ఉన్నంతకాలం వాడు రాసేవి, కనిపెట్టేవి, ఊహించేవి, ఆఫీసు వేళల్లోనైనా ఆదివారమైనా, కంపెనీ కంప్యూటర్ మీదనైనా సొంత నోటుపుస్తకంలోనైనా, సర్వహక్కులతో కంపెనీకే చెందుతాయట. "ఇది అన్యాయం కదా మామయ్యా?" అన్నాడు.

కుర్రవాడికి దస్తావేజులు చదివే అలవాటు లేదు. బీరువాలోంచి మా తాతగారు రెండెకరాలు కొన్నప్పటి కాగితం తీసి చూపించాను. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. ఈ అష్టభోగాలతో సహా ఆ భూమి తాతగారికి దఖలు పడింది. సిద్ధమంటే ఇప్పటికే పండినది, సాధ్యమంటే పండించగలిగినది, ఆగామి అంటే ముందుముందు రాబోయేది. మట్టికే మన పెద్దలు ఇంత పకడ్బందీగా రాయించుకుంటే, మట్టికన్నా సారవంతమైన బుర్రను కొనుక్కునేవాళ్ళు ఆ మాత్రం రాయించుకోరా?

పైగా మన చట్టాలు యాజమాన్యాలను సగం దారిలో వదిలేశాయి. 1957 నాటి కాపీరైట్ చట్టం కొంత మేలు. ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని జీతమిచ్చేవాడేనని 17వ సెక్షన్ చెబుతుంది. 1970 నాటి పేటెంట్ల చట్టంలో ఉద్యోగి ఊసే లేదు. కనిపెట్టినవాడో, వాడు హక్కు రాసిచ్చినవాడో దరఖాస్తు పెట్టుకోవాలంటుంది. వాడు రాసివ్వకపోతే? తలుచుకుంటేనే గుండె జారుతుంది. ఆ ఇరవై రెండు పేజీలు అందుకే. (అన్నట్టు, అదే 17వ సెక్షన్ పత్రికా ఉద్యోగికి చిన్న కిటికీ తెరిచింది. పత్రికలో అచ్చు వేసుకునే హక్కు యాజమాన్యానిది, తక్కినవి రాసినవాడివి. నేను పత్రికలో పనిచేసిన రోజుల్లో రాసిన వ్యాసాలను ఎవరైనా సినిమాగా తీస్తే ఆ డబ్బు నాదే. ఇంతవరకు ఎవరూ అడగలేదు.)

కాగితం గట్టిగా లేకపోతే ఏమవుతుందో జపానులోని నిచియా కంపెనీని అడగండి. షూజీ నకమురా 1979లో అక్కడ చేరాడు. ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీలు అప్పటికే ఉన్నాయి. ప్రకాశవంతమైన నీలం మాత్రం కుదరడం లేదు. నీలం కుదిరితేనే తెల్లని వెలుగుకు దారి. ఆ పరిశోధన ఆపెయ్యమని యాజమాన్యం చెప్పిందనీ, తాను వినలేదనీ ఆయనే చెప్పుకున్నాడు. ఎంత క్రమశిక్షణా రాహిత్యం! 1993లో నీలి దీపం వెలిగింది. వద్దన్న పని చేసినందుకు సంజాయిషీ అడగవలసింది పోయి, కంపెనీ పెద్దమనసుతో పేటెంటుకుగాను 20,000 యెన్ల బహుమతి ఇచ్చింది.

ఆ మనిషి తృప్తిపడ్డాడా? ఉద్యోగం మానేసి, 2001లో దావా వేశాడు. హక్కు కంపెనీకి పోయినా, కనిపెట్టినవాడికి తగిన ప్రతిఫలం ముట్టాలనే పాత చాదస్తం ఒకటి అప్పటి జపాను చట్టంలో ఉండేది. 2004 జనవరిలో టోక్యో జిల్లా కోర్టు ఆయనకు రావలసింది 6,040 కోట్ల యెన్లని లెక్క తేల్చింది. అడిగింది 2,000 కోట్లే కాబట్టి అంతే ఇమ్మంది. ఏడాది తిరగకుండా పైకోర్టులో సుమారు 84 కోట్లకు రాజీ కుదిరింది. 20,000 ఎక్కడ, 84 కోట్లు ఎక్కడ! ఆ కంపెనీ స్థానంలో ఉండి చూస్తే కళ్ళు చెమ్మగిల్లుతాయి. 2014లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇచ్చినవాళ్ళు నియామక పత్రం అడిగి చూసినట్టు లేదు. మరుసటి ఏడాదే జపాను చట్టం సవరించుకుంది. ముందుగా నిబంధన పెట్టుకుంటే హక్కు పుట్టుకతోనే కంపెనీది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఇంకా ముందుంది. పాత ప్రోగ్రాములను కొత్త భాషలోకి మార్చే ఉపాయం తన బుర్రలో ఉందనీ, అది ఉద్యోగానికి ముందునుంచీ ఉన్నదేననీ ఒక ప్రోగ్రామర్ అన్నాడు. పూర్తిగా కాగితం మీద పెట్టింది లేదు. కంపెనీ కోర్టుకెక్కింది. ఆ ఉపాయం కంపెనీదేననీ, బయటపెట్టాలనీ కోర్టు తేల్చింది. అష్టభోగాలలో మొదటిది నిధి. లోపల పూడ్చి ఉన్నది, ఎవరి కంటా పడనిది. మన దస్తావేజు లేఖరులు ఆ తీర్పు చూసి ఉంటే ఎంత సంతోషించేవారో!

ఇవన్నీ చెప్పాక మేనల్లుడు నోరు మూసుకుని సంతకం పెట్టాడు.

నాలుగు నెలలు తిరిగేసరికి మళ్ళీ వచ్చాడు. వాడు రాసిన ప్రోగ్రాములో ఎక్కడో తప్పు దొర్లి, ఎవరికో బిల్లులు రెండింతలు పడ్డాయట. వాడి పేరున సంజాయిషీ నోటీసు వచ్చింది, ఆ ఏటి జీతం పెంపు ఆగిపోయింది. "ప్రోగ్రాము కంపెనీదైనప్పుడు అందులోని తప్పు నాదెలా అవుతుంది మామయ్యా? పొలం కొన్నాక తాతగారు శిస్తు కూడా కట్టారు కదా?" అన్నాడు.

కళ్ళజోడు పెట్టుకుని దస్తావేజు మళ్ళీ తీశాను. నిధి దగ్గర మొదలుపెట్టి సాధ్యం దాకా వేలు పెట్టి లెక్కపెట్టాను. ఎనిమిదే ఉన్నాయి. తప్పు అందులో లేదు.