ఓరుగల్లుకు నౌకాదళం కావాలి

వరంగల్ వాళ్లు సముద్రం చూడాలంటే రైలెక్కి చీరాల దిక్కు పోవాల్సిందే, నిజమే. అంతమాత్రాన ఈ ఊరికి ఓడలతో పనేముందని అడిగేవాళ్లకు చరిత్ర తెలియదన్నమాట. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప గవ్వ ముట్టనన్నాడు. ఎగుమతైనా దిగుమతైనా ముప్పయ్యో వంతు, అంతే. అటువంటి రాజు ఏలిన ఊళ్లో, హన్మకొండలోని ఒక మర్యాదస్తుల ఇంటి హాల్లో, ఒక్క యుద్ధనౌకైనా లేకపోవడం ఏం బాగుంటుంది?

ఆ లోటు తీర్చే భారం బొమ్మ సైన్యాలతో యుద్ధాలాడే మావంటివాళ్ల మీద పడింది. పదాతి ఉంది, అశ్వికదళం ఉంది, ఏనుగులున్నాయి, నెపోలియన్ కాలపు పటాలాలు సజ్జ మీద అట్టపెట్టెల్లో ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నాయి. సగానికి ఇంకా రంగు పడలేదు. అది అంతరంగిక రక్షణ వ్యవహారం, ఇక్కడ చర్చించం.

ఇక ఓడ కొలతల సంగతి. మా సైనికుడి ఎత్తు 28 మిల్లీమీటర్లు, అంటే అసలు మనిషిలో యాభై ఆరో వంతు. ట్రఫాల్గర్ సముద్రయుద్ధంలో బ్రిటిష్ నౌకాసేనాని నెల్సన్ ఎక్కిన విక్టరీ ఓడ ముక్కు నుంచి తోక దాకా 69 మీటర్లు. లెక్క కడితే మన ఓడ నాలుగడుగులు తేలుతుంది. యుద్ధం ఆడే బల్ల పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు. ఓడను అడ్డంగా పెడితే ఈ అంచు నుంచి ఆ అంచుకు సరిగ్గా సరిపోతుంది. సముద్రానికే కాస్త ఇరుకు.

పన్నెండు వందల్లో ఒక వంతు కొలతలో కొనుక్కుంటే ఆరు సెంటీమీటర్లతో పోతుంది కదా అని కొందరు హితవు చెబుతున్నారు. అగ్గిపెట్టె మీద ఆనే ఆ ఓడ డెక్కు మీద మా నావికులు ఏ కాలు పెట్టాలి?

అసలు కష్టం తాళ్ల దగ్గరుంది. తెరచాప కొయ్యకు రెండు పక్కలా నిలువుతాళ్లు, వాటికి అడ్డంగా మెట్లలాగా సన్న దారాలు, కలిసిన ప్రతిచోటా ఒక ముడి. దారానికి మైనం రాసి, చిమటాతో పట్టి, ఊపిరి బిగబట్టి వేయాలి. ఫ్యాను తిరిగితే దారం ఊగుతుంది. అందుకని మే నెల మిట్టమధ్యాహ్నం వరంగల్‌లో ఫ్యాను బంద్ చేసి కూర్చోవాలి. దేశరక్షణకు ఆ మాత్రం చెమట తప్పదు గానీ, ఇంట్లో మిగతా పౌరులు దాన్ని సొంత ప్రాణరక్షణ సమస్యగా చూస్తున్నారు. ఇంత చేశాక తెలిసేదేమంటే, తాళ్లన్నీ కట్టిన ఓడలోకి చెయ్యి పోదు. ఫిరంగి పక్కన ఒక్క మనిషిని నిలబెట్టబోతే మూడు ముడులు ఊడతాయి. తెలివైనవాళ్లు కొయ్యల్ని ఊడదీసేలా చేసుకుంటారు, లేదంటే సగం తాళ్లు ఎగ్గొడతారు. మేము చరిత్రకు కట్టుబడినవాళ్లం కాబట్టి మనుషుల్నే ఎక్కించడం మానేశాం.

పైగా ఒక్క ఓడతో యుద్ధం జరగదు. నెల్సన్‌కు తూటా తగిలింది ఫ్రెంచివారి రెడౌటబుల్ మీదినుంచి. అది లేకుండా విక్టరీని కొనడమంటే పెళ్లికూతురు లేకుండా పందిరి వేయడమే. 1805లో ట్రఫాల్గర్ దగ్గర బారులు తీరిన పెద్ద ఓడలు బ్రిటిష్‌వారివి 27, ఎదుటి పక్షానివి 33. మొత్తం అరవైనీ నిలబెట్టడానికి ఆర్ట్స్ కాలేజీ మైదానం ఒక పూట కావాలని సంబంధిత అధికారులను ఈ వ్యాసం ద్వారా కోరుతున్నాం. వానపడితే మరీ మంచిది.

ఈలోగా రెండో ఓడ పెట్టె గడప దగ్గరే ఆగిపోయింది. "గిదెక్కడ పెడ్తరు? బతుకమ్మ నాడు నా పూలు ఎక్కడ పోసుకోవాలె?" అని శ్రీమతి అడ్డం నిలబడ్డది. మేము తొణక్కుండా శాసనం ఎత్తుకున్నాం: సరుకు స్వాధీనం చేసుకోరాదు, ముప్పయ్యో వంతు సుంకం కడతాం, లోపలికి రానివ్వాలి.

ఆమె డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది.

"గా అభయం తుపానుకు కొట్టుకొచ్చిన ఓడలకు," అన్నది. "మీరు బుక్ చేస్తె వచ్చిన ఓడలకు కాదు."