ఎక్స్‌రే ట్యూబుకు తనిఖీ ఉంది, బొమ్మ పట్టే పలకకు ఏది?

మా మావయ్య నెల్లిమర్ల జూట్‌మిల్లులో చాలాకాలం పనిచేశాడు. మొన్న వేసవిలో దగ్గు తగ్గకపోతే విజయనగరం తీసుకొచ్చి ఒక సెంటరులో ఛాతీ ఎక్స్‌రే తీయించాం. ఫిల్ములో కుడివైపు జబ్బెముక కింద నుంచి నిలువునా సన్నటి తెల్లగీత కనిపించింది. డాక్టరుగారు లైటుకు ఆనించి చాలాసేపు చూసి, ఇంకోసారి తీయించుకు రమ్మన్నారు. ‘మళ్లీ తియ్యాలంటన్నాడేటిరా?’ అని మావయ్య కంగారుపడ్డాడు. రెండో ఫిల్ములోనూ గీత అక్కడే ఉంది. టెక్నీషియన్‌ని అడిగితే, ‘అది జబ్బు కాదు బాబూ, మిషన్ గీత. నెల్రోజుల్నుంచి వస్తంది’ అన్నాడు.

నెల రోజులు! ఆ కుర్రాడిని తప్పుపట్టలేను. గీత సంగతి అతనికి తెలుసు. దాన్ని రాసిపెట్టే పుస్తకం అక్కడ లేదు, రాసినా చూసేవాళ్లు లేరు.

అక్కడున్నది క్యాసెట్ పద్ధతి, సీఆర్ అంటారు. క్యాసెట్‌లో కిరణాలను పట్టుకునే ఫాస్ఫర్ పలక మీద పడిన బొమ్మను రీడరులో లేజరు చదువుతుంది. ఆ వెలుతురు వచ్చే దారిలో కాస్త దుమ్ము చేరితే చాలు, ప్రతి బొమ్మలోనూ ఒకేచోట గీత పడుతుంది. శుభ్రం చేస్తే పోతుంది.

ఆ గీత కనీసం కంటికి కనిపించింది. ఇప్పుడు వస్తున్న డిజిటల్ పలకల్లో లోపం అంత తేలిగ్గా బయటపడదు. 14×17 అంగుళాల పలకలో సుమారు 70 లక్షల చుక్కలు (పిక్సెళ్లు) ఉంటాయి. ఒక చుక్క చచ్చిపోతే సాఫ్ట్‌వేర్ చుట్టుపక్కల చుక్కల్ని చూసి ఆ ఖాళీ పూడ్చేస్తుంది. ఒకటీ అరా అయితే ఫర్వాలేదు. ఒకేచోట గుంపుగా పోతే అక్కడ ఉండాల్సిన సన్నటి ఎముక చీలిక కూడా ఆ పూతలో కలిసిపోవచ్చు. చాలా పలకల్లో వాడే సీజియం అయొడైడ్‌కు తేమ పడదు. మన తీరం గాలి సంగతి వేరే చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక శ్రీకాకుళం జిల్లాలో ఊళ్లకు ఊళ్లు కరెంటు లేకుండా ఉండిపోయాయి. కరెంటు లేక ఏసీ ఆగితే గదిలో తేమ చేరుతుంది. అలాంటి రోజుల తర్వాత పలకను పరీక్షించకుండా రోగిని నిలబెట్టకూడదు.

మోతాదు సంగతీ అంతే. పాత ఫిల్ము రోజుల్లో కిరణాలు ఎక్కువైతే ఫిల్ము నల్లబడి తప్పు అక్కడికక్కడే తెలిసేది. డిజిటల్‌లో మోతాదు పెరిగేకొద్దీ బొమ్మ ఇంకా నున్నగా వస్తుంది. అందరికీ బాగుందనే అనిపిస్తుంది. ప్రతి ఎక్స్‌రేతో పాటు తెరమీద డీవియేషన్ ఇండెక్స్ అనే అంకె చూపించే యంత్రాలున్నాయి. అది సున్నా దగ్గరుంటే సరిగ్గా ఉన్నట్టు, 3 చూపిస్తే పలకకు అందింది అనుకున్నదానికి రెట్టింపు. ఒక్క ఛాతీ ఎక్స్‌రేతో భయపడాల్సిన పనిలేదు. అది సుమారు 0.02 మిల్లీసీవర్ట్ (కిరణాల మోతాదు కొలత), ప్రకృతి నుంచి మనకు మూడు రోజుల్లో అందేంత. నా భయమల్లా దొరకాల్సిన జబ్బు దొరక్కపోవడం గురించి. సాలూరు కొండల మీంచి కూలి మానుకుని వచ్చినవాళ్లను ‘మళ్లీ రండి’ అని పంపేయడం గురించి.

నిబంధనలు లేవని కాదు. ఏఈఆర్‌బీ (కేంద్ర అణుశక్తి నియంత్రణ మండలి) లైసెన్సు ఉండాలి, రెండేళ్లకోసారి నాణ్యత పరీక్ష జరగాలి. కానీ ఆ పరీక్షలో ఎక్కువ భాగం కిరణాలు వెలువడే ట్యూబు వైపే చూస్తుంది. కిలోవోల్టులు, టైమరు, కిరణాల లీకేజీ, లైటు పడ్డచోటే కిరణం పడుతోందా అన్నవి. అవన్నీ అవసరమే. బొమ్మ పట్టే పలక రెండు పరీక్షల మధ్య ఎలా పాడవుతోందో మాత్రం వాటిలో తేలదు.

దానికి పెద్ద ఖర్చేం లేదు. రెండు సెంటీమీటర్ల మందం అల్యూమినియం పలక ఒకటి ట్యూబు ముందు బిగించి, రోగి లేకుండా, ప్రతి వారం అదే దూరం, అదే 70 కిలోవోల్టులు, అదే ఎంఏఎస్ (ఎంత కిరణం వదలాలో చెప్పే అంకె) పెట్టి ఒక ఎక్స్‌రే తీయాలి. బొమ్మంతా ఒకే బూడిద రంగులో రావాలి. మచ్చ, గీత, పాత బొమ్మ నీడ ఉండకూడదు. పలకకు ఎంత కిరణం అందిందో చూపే ఎక్స్‌పోజర్ అంకెను మొదటి రోజు అంకెతో పోల్చి పుస్తకంలో రాయాలి. పది నిమిషాల పని. ఆ పుస్తకం చూడ్డానికి, తేడా వస్తే వచ్చి తేల్చడానికి జిల్లాకొక మెడికల్ ఫిజిసిస్ట్‌ను, అంటే ఆసుపత్రి కిరణాల యంత్రాలను పరీక్షించే నిపుణుణ్ని, ప్రభుత్వం నియమించాలి. ప్రభుత్వాసుపత్రులతో మొదలుపెడితే ప్రైవేటు సెంటర్లను అడిగే నోరు వస్తుంది. కిరాణా కొట్టు కాటాకు ముద్ర వేయించే మనం ఇది అడగలేమా?

మావయ్యకు మూడో ఎక్స్‌రే ఇంకోచోట తీయించాం. గీత లేదు, ఊపిరితిత్తులూ బాగానే ఉన్నాయి. రెండు రోజులూ, మూడు ఫీజులూ అయ్యాయి. ఆ నెలలో అదే గీతతో ఫిల్ము పట్టుకెళ్లిన మిగతావాళ్లకు డాక్టర్లు ఏం చెప్పారో మాత్రం నాకు తెలిసే దారి లేదు.