వాళ్లకు ముఖాలు తెలుసు, మనసులూ తెలుసు

ఈ వారం మూడు వాట్సాప్ గ్రూపుల్లో ఒకే మెసేజ్ చూశాను. “డౌన్ సిండ్రోమ్ పిల్లలకు ముఖాలు గుర్తుండవు. ఎదుటివాళ్ల బాధ తెలియదు. అందుకే ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు. నేర్పినా ఫలితం లేదు.” మా అక్క కొడుక్కి డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండి ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా సాగే స్థితి. వాడికి తొమ్మిదేళ్లు. అది చదివి అక్క అన్నం తినకుండా లేచిపోయింది.

ముఖాలు గుర్తుండవా? రెండేళ్ల తర్వాత పెళ్లిలో కనబడ్డ మా మేనత్తను వాడు దూరం నుంచే చూసి పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాడు. పేరు మాత్రం నోటికి రాలేదు. పేరు చెప్పలేనంత మాత్రాన మనిషిని మరిచినట్టా? పైగా అమెరికా పిల్లల వైద్యుల సంఘం లెక్కల్లో ఈ పిల్లల్లో కనీసం 60 శాతం మందికి చూపు సమస్యలు, 75 శాతం మందికి వినికిడి సమస్యలు ఉంటాయి. బిడ్డ తడబడితే ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి.

బాధ తెలియదన్న మాటైతే అన్యాయం. 2003లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో పెద్దవాళ్లు నొప్పి నటిస్తే, ఈ పిల్లలే మిగతా పిల్లలకన్నా ఎక్కువగా వాళ్లవైపు చూశారు, ఓదార్చబోయారు.

అయితే ఒక ఇబ్బంది నిజంగానే ఉంది. 2005లో స్కాట్లండ్ పరిశోధకులు ముఖాల ఫొటోలతో పరీక్షిస్తే, ఈ పిల్లలు ముఖ్యంగా భయాన్ని పోల్చుకోవడంలో మిగతా పిల్లలకన్నా వెనకబడ్డారు. మా ఇంట్లోనూ అంతే. బల్లి మీద పడి నేను కెవ్వుమంటే, ఆట అనుకుని చప్పట్లు కొట్టాడు. ఈ ఒక్క తడబాటు చూసి మనసే లేదనడం ఏం న్యాయం?

ఎప్పుడూ నవ్వుతారన్నది పొగడ్తలా వినిపిస్తుంది గానీ, నాకు ఎక్కువ భయం దాంతోనే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకూ డిప్రెషన్ వస్తుంది, టీనేజీలోనూ పెద్దయ్యాకా. మాట తగ్గినా, తిండి మానేసినా “వాళ్లంతేలే” అని వదిలేస్తే ఆ జబ్బును ఎవరు కనిపెడతారు? అలవాటైన టీచరమ్మ బడి మారిపోతే మావాడు రెండు సాయంత్రాలు ఆమె కుర్చీ బొమ్మ గీస్తూ ఏడ్చాడు.

ఇక నేర్పడం. బల్లి సంగతి తర్వాత అక్క రోజూ అద్దం ముందు వాణ్ణి కూర్చోబెట్టి, కళ్లు పెద్దవి చేసి “ఇది భయం” అని చూపించేది. నెలలు పట్టింది. మొన్న కరెంటు పోయి ఉరుము ఉరిమితే, టార్చి నా ముఖం మీద వేసి చూశాడు.

“పిన్నీ, బయమా?” అన్నాడు. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.