సిరక్యూస్‌లో మంచు, మల్కాపురంలో చీవాట్లు

అల్లుడి మీద కోపం వస్తే మా నాన్నకి ఒకటే దారి. కొడుకుని తిట్టడం. పెళ్ళిలో కాళ్ళు కడిగిన మనిషిని పల్లెత్తు మాట అనకూడదన్నది ఆయన నియమం. నా కాళ్ళు ఇంకా ఎవరూ కడగలేదు కాబట్టి నాకు ఆ రక్షణ లేదు.

మా బావది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ అనే ఊరి శివార్లలో మూడెకరాలు, అందులో ఒక ఇల్లు కొన్నాడు. మూడెకరాలు అనగానే చోడవరంలో మా చిన్నాన్న సంబరపడిపోయి, "ఏటి పంట బాబూ?" అని అడిగాడు. గడ్డి అన్నాడు బావ. "కోసేసి?" "కోసి వదిలేస్తామండీ." ఆ తర్వాత చిన్నాన్న ఆ పొలం ఊసే ఎత్తలేదు. బయటికి చెప్పుకోలేని ఇంటి గుట్టేదో తెలిసినట్టు మొహం పెడతాడు.

ఆ గడ్డి కోసమే పాతిక హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్ ఒకటి కొన్నాడు బావ. చలికాలంలో దానికే ముందు బకెట్ తగిలించి ఇంటి దారిలో మంచు తోస్తాడు. సిరక్యూస్‌లో ఏడాదికి సగటున పది అడుగుల మంచు పడుతుందట. మేమా, విశాఖ మల్కాపురంలో ఇరవై డిగ్రీలు రాగానే మంకీ క్యాప్ చెవుల మీదికి లాక్కుని, లంబసింగిలో సున్నాకి పడిపోయిందట అని గొప్పగా చెప్పుకునే జనం. పది అడుగులంటే మా హాల్లో స్లాబు ఎత్తు. అమ్మ తలెత్తి స్లాబు వంక చూసి "పిల్ల ఎలా ఉందో ఏమో" అని కళ్ళొత్తుకుంది. ఒక్క రోజే అంతా పడదమ్మా, చలికాలమంతా కలిపి అని చెప్పినా ఆమె చూపు స్లాబు మీంచి దిగలేదు.

బావ వాళ్ళ ఇంటి దారి ఏటవాలుగా ఉంటుంది. మంచు గడ్డకట్టి గాజులా అయ్యాక ట్రాక్టర్ పైకి ఎక్కదు సరికదా, బ్రేక్ తొక్కినా కిందికి జారిపోతుంది. వెనక టైర్లకి ఉన్న లావుపాటి గట్లు బురదలో పనికొస్తాయి గానీ ఐసు మీద వాటి పప్పులు ఉడకవు. అందుకని టైర్లకి చుట్టే ఇనప గొలుసులు తెప్పించాడు. గొలుసు అన్న మాట చెవిన పడగానే నాన్న నిటారుగా కూర్చున్నాడు.

నాన్న విశాఖ షిప్‌యార్డులో రిగ్గింగ్ సెక్షన్‌లో, అంటే గొలుసులూ తాళ్ళతో బరువులు ఎత్తే చోట, పనిచేసి రిటైరయ్యాడు. 1948లో నెహ్రూ 'జల ఉష' ఓడని నీళ్ళలోకి వదిలిన యార్డు అది. అప్పటికి నాన్న పుట్టనేలేదు గానీ, చెప్పేటప్పుడు మాత్రం ఓ చెయ్యేసి తనే తోసినట్టు చెప్తాడు. "మావయ్యగారూ, ఈ మంచు గొలుసులకి పేటెంట్ తీసుకున్నాయన మా పక్క ఊరివాడే తెలుసా? కెనస్టోటా అని. హ్యారీ వీడ్, 1904లో" అని బావ ఉత్సాహంగా చెప్పాడు. "మా యార్డు పెట్టిందే 1941లో కదా బాబూ, అందుకే ఆయనకి చిక్కింది" అన్నాడు నాన్న.

శనివారం రాత్రి ఏడున్నరకి వీడియో కాల్. అక్కడ పొద్దున్న తొమ్మిది. బావ ఫోన్‌ని గ్యారేజీ ముందు మంచు దిబ్బలో గుచ్చి, గోనెసంచిలోంచి గొలుసు లాగి, లాగింది లాగినట్టే టైరు మీద పడేశాడు. అది నిచ్చెనలా ఉంటుంది. రెండు పక్క గొలుసులు, వాటి మధ్య మెట్లలా అడ్డ గొలుసులు. ముందు నేల మీద పరిచి, ప్రతి లంకె మెలికా తీసి, అప్పుడు టైరు మీదికి ఎత్తాలి. బావ ఎత్తింది మాత్రం ఒక పెద్ద ఇనప ఉండ.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. "అల్లుడుగారూ, బానే ఉంది. ఓసారి కిందికి దింపి పరుచుకుంటే ఇంకా బావుంటుందేమో." తర్వాత నా వైపు తిరిగాడు. "మెలిక తియ్యకుండా గొలుసు ఎత్తేవాణ్ణి మా ఫోర్‌మన్ గేటు బయట నిలబెట్టేవాడురా!"

"నేను గొలుసు ముట్టుకోలేదు నాన్నా."

"ముట్టుకుంటే నువ్వూ అలాగే ముట్టుకుంటావు."

మెలికలు తీశాక బావ హుక్కులు తగిలించబోయాడు. కొసలు టైరు వైపుకి. కొస బయటికి చూడాలి, లేకపోతే టైరు పక్క గోడ ఒరుసుకుని కోసుకుపోతుంది. "ఆ హుక్కు కాస్త మొహం అటు తిప్పితే..." అని నాన్న తేనెలో ముంచి చెప్పి, అదే ఊపిరిలో నన్ను అందుకున్నాడు. "హుక్కు ఎటు తిరగాలో తెలీదూ? ఇంజనీరింగ్ చదివి ఏం లాభం!" నేను చదివింది బీకామ్. ఇంజనీరింగ్ చదివింది ఫోన్లో ఉన్నాడు.

ముందు లోపలి వైపు హుక్కు పెట్టాలి, ఆ తర్వాత బయటిది. లోపలిది పెట్టాలంటే మంచులో వెల్లకిలా పడుకుని చక్రం వెనక్కి చెయ్యి దూర్చాలి. మైనస్ పది డిగ్రీలు. గ్లవ్స్‌తో హుక్కు చేతికి దొరకదు, గ్లవ్స్ తీస్తే ఇనుము చేతిని వదలదు. బావ నోట్లోంచి రైలింజన్‌లా పొగ. నాన్న మనసు కరిగిపోయి, లేచి వెళ్ళి ఇక్కడ ఫ్యాన్ ఆపేశాడు.

ఈలోగా చిన్నాన్న కూడా కాల్‌లోకి దూరాడు. "ఈ గొలుసులేటి, గోలేటి! దమ్ము సెక్రాలు తగిలించీ బాబూ, ఐసు కాదు, దాని తాత్ని కూడా దున్నీద్ది." అది దమ్ము మడి కాదురా, ఇంటికెళ్ళే దారిరా అని నాన్న మొత్తుకున్నా, చిన్నాన్న దమ్ము చక్రాలు సైజుల వారీగా ఎక్కడెక్కడ దొరుకుతాయో చెప్తూనే ఉన్నాడు.

హుక్కులు పడ్డాయి. కానీ గొలుసు వదులు. టైరుకీ దానికీ మధ్య పిడికిలి పడుతోంది. నాలుగడుగులు నడిపి, ఆపి, మళ్ళీ లాగి బిగించాలి, ఆ పైన రబ్బరు బిగింపులు తగిలించాలి అని నాన్న ఎన్ని విధాల చెప్పినా బావకి ఎక్కలేదు. "చేసి చూపిస్తాను ఉండండి" అన్నాడు నాన్న. ఆయన కళ్ళు హాల్లోని ఉయ్యాల బల్ల మీద పడ్డాయి. అమ్మ వంటింట్లో పోపు వేస్తోంది. అమ్మ పుట్టింటి నుంచి వచ్చిన ఇత్తడి గొలుసులవి. పోపు చిటపటలు ఆగేలోపల రెండు గొలుసులూ, నాన్నా, ఫోనూ, నేనూ సెల్లార్‌లో ఉన్నాం.

అక్కడ చక్రమున్న వస్తువుల్లో మా సొంతానిది నా స్కూటర్ ఒక్కటే. సెంటర్ స్టాండ్ వేయించి, నాన్న వెనక టైరుకి గొలుసు చుట్టాడు. పాత చేతులే, కానీ ఏం చుట్టాడండీ! వాచ్‌మన్ కూడా భోజనం కంచం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "ఇప్పుడు చూడండి అల్లుడుగారూ. చక్రం కొంచెం తిప్పి, వదులు వచ్చిన చోట మళ్ళీ లాగుతాం. తిప్పరా!" తిప్పాను. పావు చుట్టు తిరిగి, గొలుసు టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య దూరి, చక్రం బిగుసుకుపోయింది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు.

నాన్న రెప్ప కూడా వెయ్యలేదు. "చూశారుగా, అల్లుడుగారూ. గొలుసు వేసేముందు మడ్‌గార్డు దగ్గర ఖాళీ ఎంతుందో కొలుచుకోవాలి. అది చూపిద్దామనే ఇలా చేశాను." ఆ వెంటనే నాకు: "ఖాళీ లేని బండి ఎవడు కొనమన్నాడురా?"

అక్కడ బావకి ఓపిక అయిపోయింది. బానే బిగిసిందిలే అనుకుని ట్రాక్టర్ ఎక్కి స్టార్ట్ చేశాడు. మిగిలిపోయిన లంకెల తోక కట్టకుండా అలాగే వేలాడుతోంది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ తోక లేచి ఫెండర్‌ని ఠంగుమని కొడుతోంది. ట్రాక్టర్ సరిగ్గా ఫోన్ గుచ్చిన దిబ్బ వైపే వస్తోంది. మా స్క్రీన్ మొత్తం బకెట్ నిండిపోయింది.

"ఒరేయ్, ఆపరా! తోక కట్టలేదురా వెధవా!"

సెల్లార్ అంతా మారుమోగింది. ట్రాక్టర్ ఆగింది. చిన్నాన్న కూడా ఆగిపోయాడు. ఖాళీ ఉయ్యాల కొక్కేల గురించి అడగడానికి వచ్చిన అమ్మ మెట్ల మీదే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావ దిగి ఫోన్ దగ్గరికి వచ్చాడు. "మావయ్యగారూ, నన్నేమైనా అన్నారా?"

నాన్న నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. "లేదు బాబూ, వీణ్ణి. చూడండి, బండి ఆపమంటే ఆపడు." కదలని స్కూటర్ పక్కన నిలబడి నేను తల దించుకున్నాను.

తోకని తీగతో కట్టాడు బావ. రెండోసారి బిగించాడు. ట్రాక్టర్ ఏటవాలు మీద కొంత దూరం ఎక్కి, ఆలోచించి, మెల్లగా వెనక్కి జారింది. నాన్న ఫోన్‌ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని టైరు చూశాడు. అడ్డ గొలుసులు మరీ దూరం దూరంగా ఉన్నాయి. అవన్నీ టైరు గట్ల మధ్య గాడుల్లోకి దిగిపోయి హాయిగా కూర్చున్నాయి. ఐసుని తాకుతున్నది మళ్ళీ రబ్బరే. దగ్గర దగ్గరగా ఉన్న రకం కొనాల్సింది. "ఆన్‌లైన్‌లో ఇవి చవగ్గా వచ్చాయండీ" అన్నాడు బావ. చవక వస్తువుల గురించి నాకు అప్పుడు పడిన క్లాసు ఇక్కడ రాయను. మర్నాడు మెకానిక్ వచ్చి వెనక చక్రం ఊడదీస్తే గానీ ఉయ్యాల గొలుసు బయటికి రాలేదు, ఆ డబ్బులు కూడా నావే.

"ఇవి వాపసు పంపేస్తాను మావయ్యగారూ. వచ్చే శనివారానికి కొత్తవి వచ్చేస్తాయి. మళ్ళీ ఇదే టైముకి చేస్తాను."

"తప్పకుండా బాబూ, మేం ఖాళీయే" అన్నాడు నాన్న హుషారుగా.

"వచ్చే శనివారం నాకు ఆఫీసులో పనుంది" అన్నాను.

నాన్న మొహంలో నిజమైన కంగారు కనిపించింది. "నువ్వు లేకపోతే ఎలారా?"