బెల్టు భక్తులకు మనవి

హనుమకొండలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఈమధ్య ఒక బెల్టు భక్తుడు, అంటే వెనక చక్రాన్ని చైన్ బదులు బెల్టు తిప్పే బైకులే గొప్పవనేవాడు, తగులుకుంటున్నాడు. "ఇంకా చైన్ బండేనా అన్నా? ఆయిల్ పూసుడు, టైట్ చేసుడు, ఎన్నాళ్లు? బెల్టు బండి తీస్కో, టెన్షనే ఉండదు" అంటాడు, చైన్ బండి వాళ్లమంతా ఇంకా ఎడ్లబండి తోలుతున్నట్టు.

బెల్టు మంచిదే, ఎవరు కాదన్నారు? ఆయిల్ అక్కర్లేదు, చప్పుడు తక్కువ, ప్యాంటుకు నల్ల మరక అంటదు, బాగా చూసుకుంటే చైన్ కంటే ఎక్కువ కాలం వస్తుంది. అమెరికా బైకుల కంపెనీ హార్లీ డేవిడ్‌సన్ వాళ్లు 1980లోనే స్టర్జిస్ మోడల్‌కు పెట్టారు. కానీ అదే హార్లీ పేరుతో 2023లో మన దగ్గరికొచ్చిన ఎక్స్440కి ఉన్నది చైనే. ఈ మాట చెవిన వేస్తే భక్తుడు టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోన్ తీసి, చాలాసేపు వెతికి, "అది అసలు హార్లీయే కాదన్నా" అని తీర్పిచ్చాడు. ఇంట్లో వాళ్లావిడ స్కూటీ లోపల కూడా బెల్టే తిరుగుతోందయ్యా, రకం వేరు గానీ బెల్టే కదా అంటే, "గది లేడీస్ బండి" అన్నాడు! అని, తన చైన్ బండెక్కి, వదులైన చైన్ కవర్‌కు టకటక కొట్టుకుంటుండగా ఠీవిగా వెళ్లిపోయాడు.

వాడు చెప్పని సంగతి ఒకటుంది. బెల్టుకూ, అది చుట్టుకుని తిరిగే పుల్లీకీ మధ్య చిన్న కంకర రాయి ఇరుక్కుంటే చాలు, బెల్టుకు చిల్లు పడొచ్చు, లోపలి దారాలు తెగొచ్చు. చైనైతే ఊళ్లో మెకానిక్ ఒక లింకు మార్చి పంపిస్తాడు. బెల్టుకు అతుకే ఉండదు, మార్చాలంటే చాలా బండ్లకు వెనక చక్రంతో పాటు, దాన్ని పట్టుకునుండే స్వింగ్ఆర్మ్ కూడా విప్పాలి, ముందు ఆ బెల్టు దొరకాలి.

మరి మన కరీంనగర్ రోడ్డు మీద కంకరకు కొదవా? పట్టా కప్పని టిప్పర్లు మలుపు మలుపుకూ చల్లుకుంటూ పోతాయి, అక్షింతలు కూడా అంత ఉదారంగా ఎవరూ చల్లరు. సరే, బెల్టు తెగితే డబ్బు పోసి ఇంకోటి తెచ్చుకుంటాం. అదే కంకర మీద ముందు చక్రం జారి, మోకాలు పగిలి, రోడ్డు మీద పడి ఉన్న డిగ్రీ పిల్లగాడికి ఏం తెచ్చిస్తారు? హెల్మెట్ లేనోడిని అంత దూరం నుంచి ఫోటో కొట్టి చలాన్ పంపే కెమెరాకు, నెత్తి మీద గుట్టంత కంకర పోసుకుని పోయే టిప్పర్ ఒక్కటి కూడా కనబడదా? పట్టా ఏదిరా అని దాన్ని ఆపి అడిగే మొగోడు ఈ రోడ్డు మీద ఒక్కడూ లేడా?