"సరదాలు మానండి, 60 లక్షలు మీవే": ఆ లెక్క ఎక్కడ తప్పింది?

వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. అందులో ఉన్నవి నాలుగు మాటలు. భార్యాభర్తలు సినిమాలు, హోటల్ భోజనాలు, షికార్లు మానేసి ఆ 6,000 నెలనెలా మ్యూచువల్ ఫండ్ సిప్‌లో (నెలకింత అని కట్టుకుంటూ పోయే పద్ధతిలో) వేస్తే 20 ఏళ్లకు 60 లక్షలు వస్తాయట. అప్పులన్నీ ఈ చిల్లర సరదాల వల్లేనట. ఇద్దరి జీతాలూ ఒకే ఖాతాలో పడాలి, ప్రతి రూపాయికీ ఒకరికొకరు లెక్క చెప్పుకోవాలట. సరదాల సంగతి బోనస్ వచ్చినప్పుడు చూసుకోవచ్చట. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు దీన్ని నమ్మి ఇంట్లో నవ్వు లేకుండా చేసుకుంటారేమోనని మా బాధ. అందుకే ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

ముందు ఆ 60 లక్షలు. కూడికలో తప్పులేదు. నెలకు 6,000 చొప్పున 240 నెలలు, ఏటా 12 శాతం రాబడి అనుకుంటే 59.95 లక్షలు అవుతుంది. కానీ 12 శాతం హామీ కాదు, అంచనా. అదే 10 శాతం వస్తే దాదాపు 46 లక్షల దగ్గర ఆగిపోతుంది. సరే, 12 శాతమే వచ్చిందనుకుందాం. మీరు కట్టింది 14.4 లక్షలు, లాభం దాదాపు 45.5 లక్షలు. మొత్తం ఒకే ఏడాదిలో తీస్తే, ఇప్పటి నిబంధనల ప్రకారం ఈక్విటీ ఫండ్ (షేర్లలో పెట్టే ఫండ్) లాభంలో 1.25 లక్షలు పోను మిగతాదానిపై 12.5 శాతం పన్ను, దానిమీద సెస్సు అనే అదనపు పన్ను. అంటే సుమారు 5.75 లక్షలు పోయి 54 లక్షలు మిగులుతాయి. ఇక ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, ఇవాళ 100 రూపాయలకు వచ్చే సరుకు 20 ఏళ్ల తర్వాత 320 రూపాయలు. ఆ 54 లక్షలు ఇవాళ్టి 17 లక్షల కింద లెక్క. 17 లక్షలు చిన్న మొత్తమేమీ కాదు, పొదుపు చేయాల్సిందే. కానీ ఇవాళ 60 లక్షలకు వచ్చే ఇల్లు అందులో రాదు.

మెసేజ్ చెప్పని ఇంకో దారి ఉంది. 6,000లో సగం, అంటే 3,000తో సిప్ మొదలుపెట్టి ఏటా 10 శాతం పెంచుకుంటూ పోండి. రెండో ఏడు 3,300, మూడో ఏడు 3,630. అదే 12 శాతం అంచనాతో 20 ఏళ్లకు 59.7 లక్షలు అవుతుంది. ఊరికే రాదు: మొత్తం కట్టేది 20.6 లక్షలు, చివరి ఏడాది నెలకు 18,000 దాటుతుంది. అయితే ఆ పెంపు జీతాలు పెరిగినప్పుడు అందులోంచి తీసేది. ఇవాళ ఉన్న జీతంలో మాత్రం మిగతా 3,000 మీ సరదాలకు మిగులుతుంది. చాలా యాప్‌లలో సిప్ పెట్టేటప్పుడే ఏటా పెంపు ఎంతో అడుగుతారు. అక్కడే 10 శాతం పెట్టేయండి, తర్వాత గుర్తుండదు.

అప్పులు సరదాల వల్లే వస్తాయా? మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు ముందేసుకుని అప్పులకు పోయిన వాటి కింద గీతలు గీయండి. 8 లక్షల కారు అప్పు 9 శాతానికి ఏడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 12,870. రెండు సినిమా టికెట్లు దాని పక్కన ఎంత? క్రెడిట్ కార్డు మీద 50,000 బాకీ వదిలేస్తే, నెలకు 3.5 శాతం చొప్పున 1,750 వడ్డీ, ఆ వడ్డీ మీద జీఎస్టీ 315. ఇల్లు గుల్లయ్యేది ఇక్కడ. కార్డు బాకీ ఉన్నన్నాళ్లూ సరదా డబ్బు సగానికి తగ్గించండి, సున్నా మాత్రం చేయకండి. మూడు నెలలు నోరు కట్టుకున్నవాళ్లు నాలుగో నెలలో ఒకే ఆదివారం అంతకంతా ఖర్చు పెడతారు. అదీ కార్డు మీదే.

అన్నిటికన్నా హాని చేసేది లెక్క చెప్పుకోవాలన్న మాట. అద్దె, సరుకులు, స్కూలు ఫీజు ఉమ్మడి ఖాతాలోంచి వెళ్లడం మంచిదే. ఖాతా తెరిచేటప్పుడు ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేలా, ఒకరు లేకపోతే రెండోవారికి చెందేలా పెట్టమని బ్యాంకులో చెప్పండి. ఇద్దరి సంతకం ఉంటేనే డబ్బు కదిలేలా పెడితే అవసరానికి చేతికి రాదు. కానీ గాజులు కొన్నా, స్నేహితులతో టీ తాగినా సంజాయిషీ ఇచ్చుకోవాలంటే ఏమవుతుంది? దాపరికం మొదలవుతుంది. పోపుల డబ్బాలో నోట్లు దాచే అలవాటు ఊరికే పుట్టలేదు.

సరదాలకు మిగిలిన ఆ 3,000ను ఇలా విడదీయండి. చెరో 750 సొంత చేతిఖర్చు, దానికి లెక్క అడగకూడదు. నెలకోసారి కలిసి బయటికెళ్లడానికి 600. ఏడాదికోసారి ప్రయాణానికి నెలకు 900. ఒకరికి 42,000, ఇంకొకరికి 28,000 జీతం వస్తుంటే ఈ 3,000లో వేయాల్సిన వాటా 3:2, అంటే 1,800, 1,200. వేసేది వాటా ప్రకారం, చేతిఖర్చు మాత్రం సమానం. ఒకరు ఇంటిపట్టునే ఉంటే వేసేది ఒకరే అయినా 750 ఇద్దరికీ అంతే. ఈ ఒక్క విషయంలో బేరం వద్దు.

చేతిఖర్చుకు యూపీఐ లైట్ (చిన్న చెల్లింపుల కోసం యూపీఐ యాప్‌లోనే ముందుగా డబ్బు నింపుకునే పర్సు) చక్కగా సరిపోతుంది. ఒకసారికి 1,000 దాకా కట్టొచ్చు, 5,000 దాకా నింపి పెట్టుకోవచ్చు. స్టేట్‌మెంటులో 750 ఎక్కించినట్టు మాత్రమే కనిపిస్తుంది. మిర్చిబజ్జీలకు ఎంత, జడక్లిప్పులకు ఎంత అన్నది అందులో పడదు. అందులో అయిపోతే ఆ నెలకు అయిపోయినట్టే. మధ్యలో మళ్లీ నింపారంటే పద్ధతి అక్కడే చెడుతుంది.

ఇక బోనస్. బోనస్ రాకముందే దానికి పది పనులు కాచుకుని ఉంటాయి: బీమా ప్రీమియం, పెళ్లి కానుక, బండి రిపేరు. సరదా దాకా ఏమీ మిగలదు. అందుకే ప్రయాణానికి నెలనెలా వేసే ఆ 900ను జీతం పడ్డ మర్నాడే కట్ అయ్యేలా ఏడాది రికరింగ్ డిపాజిట్‌గానో, యూపీఐ, డెబిట్ కార్డు లేని వేరే పొదుపు ఖాతాలోనో పెట్టండి. రోజూ వాడే ఖాతాలో ఉంచితే నెలాఖరు సరుకుల్లో కలిసిపోతుంది. ఏడాదికి వడ్డీ కాక 10,800 అవుతుంది. ఆ డబ్బుకు తగ్గ ఊరు వెతుక్కోండి, తక్కువైతే రెండు రాత్రుల బదులు ఒక రాత్రి ఉండండి.

ప్రయాణం సంక్రాంతికైతే తేదీ కూడా చూసుకోవాలి. 2024 నవంబర్ 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులు ఉండేది. జనవరి 12న బయల్దేరాలంటే నవంబర్ 13 ఉదయం 8 గంటలకు టికెట్ డబ్బు చేతిలో ఉండాలి. ఫిబ్రవరి మొదట్లో మొదలుపెడితే నవంబర్ మొదట్లో వేసేదానితో పది వాయిదాలు, 9,000. ఈ పనికైతే రికరింగ్ డిపాజిట్ మధ్యలో తెంచాల్సి వస్తుంది కాబట్టి వేరే పొదుపు ఖాతానే మేలు.