ఆ పిల్ల గొంతుకి డబ్బింగ్ వద్దు

మా ఊరు శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గర. అక్కడి హైస్కూలు పిల్లలు తీసిన నాలుగు నిమిషాల సినిమాని మన తెలుగు సంఘం ఉగాది కార్యక్రమంలో వేయమని పంపాను. "విజువల్స్ బాగున్నాయండీ, యాసే కాస్త మోటుగా ఉంది. ఇక్కడి పిల్లలతో డబ్బింగ్ చెప్పిద్దామా?" అని కల్చరల్ కమిటీ అడిగింది. వద్దన్నాను. చివరికి టైం లేదని సినిమానే తీసేశారు. చాలా బాధేసింది.

సెలవులకి వెళ్లినప్పుడు ఆ షూటింగ్ దగ్గర నేనూ ఉన్నాను. తెలుగు మాస్టారి ఫోనే కెమెరా. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వాళ్ల మామ్మ పని చేస్తుంటే తీస్తోంది. పొందూరు సన్నఖద్దరు గురించి గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వడం మనలో ఎంతమంది చూశాం? గింజ తీయకముందే, ఆ సన్నటి పళ్ల మీద పత్తిని కొద్దికొద్దిగా దువ్వుతుంటే పోగులు సాపవుతాయి, నలుసులు రాలిపోతాయి. ఫోను ఎత్తగానే మామ్మ బిగుసుకుపోయింది. ఈలోగా ఆటో హారన్, కోడి కూత, మళ్లీ మొదటికి. ఆఖరికి పిల్ల ఫోనుని కిటికీలో ఆనించి, పక్కన చేరి తనూ ఇంత పత్తి చేతిలోకి తీసుకుంది. "మామ్మా, సేప పళ్లతోటి దువ్వడం నీకెవరు నేర్పినారే?" అంది. ముసలావిడ అత్తగారి దగ్గర మొదలుపెట్టి, కూలి ఎంత తక్కువో, కోడళ్లు ఈ పని ఎందుకు మానేశారో చెప్పుకుంటూ పోయింది.

మర్నాడు క్లాసులో పెద్ద వాదన. కూలి సంగతి తీసేద్దామని ఒకడు, అదే అసలు సంగతని ఆ పిల్ల. వ్యాసం రాయమంటే గైడు చూసి ఎక్కించే పిల్లలే, సినిమాలో వినిపించే మాటల కోసం రాసింది మళ్లీ మళ్లీ కొట్టేసి తిరగరాసుకున్నారు.

టీచర్ల ఇబ్బందీ నిజమే. సిలబస్, పదో తరగతి రిజల్ట్స్ టెన్షన్, చేతికి ఫోనిస్తే రీల్స్‌లో పడతారని ఇళ్లలో భయం. మాస్టారు వంతులు వేయకపోతే కెమెరా మగపిల్లల చేతిలోనే ఉండిపోతుంది. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులిచ్చారు, అందులో నింపి ఇచ్చిన పాఠాలు చూడటానికి. పిల్లలు తాము చూసింది చెప్పడానికి మాత్రం ఇలాంటి మాస్టార్లే దిక్కు. 1990లలో కాలిఫోర్నియాలో డిజిటల్ స్టోరీటెల్లింగ్ (సొంత కథని ఫొటోలతో, గొంతుతో చిన్న వీడియోగా చెప్పడం) మొదలుపెట్టినవాళ్లు కూడా, ఎవరి కథ వాళ్ల గొంతులోనే రావాలని పట్టుబట్టారు.

వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలోనే. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండ వేస్తున్నాం. ఈసారి ఆ సభలో ఆ నాలుగు నిమిషాలూ ఉన్నదున్నట్టు వేయండి. మన వారాంతపు తెలుగు క్లాసుల పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి, అర్థం కాని మాట పక్కనున్న పెద్దల్ని అడుగుతారు. పూలదండలకీ శాలువాలకీ పెట్టే ఖర్చులో కొంత తగ్గిస్తే ఆ బడికి రెండు కాలర్ మైకులు, ఒక ట్రైపాడ్ వస్తాయి. కొని తీసుకెళ్లి ఇచ్చే పూచీ నాది.